ట్రైలర్ పట్టెలు మూడుసార్లు మార్చిన కేసు

బంక్ అనగానే మన ఊళ్లో పెట్రోల్ గుర్తొస్తుంది. పడవ ట్రైలర్‌కీ బంకులుంటాయి. పడవ అడుగు ఆనడానికి ట్రైలర్ పొడవునా వేసే రెండు బద్దలవి. మా షెడ్డు కుర్రాళ్లు మంచం పట్టెల్లాగా ఉన్నాయని వాటిని పట్టెలంటారు. నేనూ అదే మాట వాడతాను.

ఒకే ట్రైలర్‌కి రెండేళ్లలో మూడు రకాల పట్టెలు పడ్డాయి. మొదటివి వేరేవాళ్లు వేసినవి. రెండోవి నేను వేశాను, అవీ చెడ్డాయి. మూడోవి ప్రస్తుతానికి నిలబడ్డాయి. పడవ ఎవరిదో తెలియకుండా ఉండాలని కొన్ని వివరాలు వదిలేశాను. కొలతలు మాత్రం నా నోటు పుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

మాది బాలానగర్ వైపు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఎక్కువగా ట్రాక్టర్ ట్రాలీలు, ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) ట్యాంకులు చేస్తాం. పడవల పని ఏడాదికి నాలుగైదుసార్లకు మించి రాదు. సముద్రం లేని ఊరే అయినా హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవల పందేలు ఏళ్లుగా నడుస్తున్నాయి కదా, ఆ సరంజామా అప్పుడప్పుడు మా గుమ్మం ముందుకొస్తుంది.

ఈ పడవ ఒక శిక్షణ బృందానిది. పిల్లలు తెరచాప పడవలు నేర్చుకునేటప్పుడు వెనకాలే తిరిగే సేఫ్టీ బోటు. 16 అడుగుల ఎఫ్‌ఆర్‌పీ పడవ, వెనక 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్. ఇంజిన్ ఒక్కటే వంద కిలోల దాకా ఉంటుంది. పెట్రోల్, లంగరు, సామాను కలిపితే మొత్తం 550 కిలోలు. ట్రైలర్ జింకు పూత పూసిన ఇనుప చట్రం. ఒక్కో పట్టె కింద రెండే బ్రాకెట్లు, వాటి మధ్య మీటరున్నర ఎడం.

వాడకం గురించి మొదటిరోజే అడిగాను గానీ, ఆ జవాబు విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పడవ నీళ్లలోకి దిగేది ఏడాదిలో ముప్ఫై రోజులు. ఒకటి రెండుసార్లు నాగార్జునసాగర్ దాకా, అంటే దాదాపు 150 కిలోమీటర్లు, ట్రైలర్ మీద వెళ్తుంది. మిగతా పదకొండు నెలలూ యార్డులో వేపచెట్టు పక్కన నీలం టార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉంటుంది.

వచ్చిన ఫిర్యాదు

నా దగ్గరికి వచ్చేసరికి కుడి పట్టె వెనక భాగం విరిగి వేలాడుతోంది. "పట్టెలు మార్చెయ్యన్నా, ఆదివారం క్లాసుంది" అన్నాడు కోచ్. ఉన్న కొలతకే రెండు చెక్కలు కోసి బిగిస్తే సాయంత్రానికి పంపించేయొచ్చు. అలాగే చేద్దామనుకున్నాను కూడా. టీ తాగుతూ ఆయన ఇంకో మాటన్నాడు. "పడవ కూడా ముందులా లేవట్లేదు. స్పీడెక్కితే ముక్కు కిందికే నొక్కుతోంది." ఇంజిన్ మెకానిక్ ప్లగ్గులు మార్చాడట, ప్రొపెల్లర్ మార్చాడట. ఏమీ తేడా రాలేదు.

ఆ మాటతో టీ గ్లాసు పక్కన పెట్టి ట్రైలర్ కింద దూరాను. పట్టెలు పడవ వెనక గోడ దాకా రావడం లేదు. 20 సెంటీమీటర్ల ముందే ఆగిపోయాయి. వంద కిలోల ఇంజిన్ ఆ వెనక గోడకే వేలాడుతోంది, దాని కింద ఆధారమే లేదు. మేస్త్రీలు వాడే మీటరు అల్యూమినియం బద్ద తెచ్చి పడవ అడుగుకి ఆనించాను. వెనక అంచు దగ్గర అడుగు 4 మి.మీ. కిందికి వంగి ఉంది. వేగంగా పోయేటప్పుడు ఆ వంపు నీటిని కిందికి తోస్తుంది, వెనక భాగం పైకి లేస్తుంది, ముక్కు దిగుతుంది. మెకానిక్ తప్పు లేదు. పడవ యార్డులో ఊరికే నిలబడి నిలబడి వంకర పోయింది.

ఇక విరిగిన పట్టె సంగతి. 18 మి.మీ. కమర్షియల్ ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, మీద ఇంట్లో పరిచే కార్పెట్ చుట్టి, మామూలు ఇనుప స్టేపుల్స్ కొట్టారు. కార్పెట్ చీల్చగానే మూసీ పక్కన నిలబడ్డట్టు వాసన. పైపొర బాగానే ఉంది. కింది పొరలో దబ్బనం గుచ్చితే తడిసిన అటుకుల్లో దిగినట్టు దిగింది. స్టేపుల్స్ స్థానంలో తుప్పు మరకలే మిగిలాయి. కార్పెట్ అంచుల్ని కిందివైపు మడిచి కొట్టడంతో పైన పడ్డ నీళ్లన్నీ అక్కడ చేరి నిలిచిపోయాయి. పైగా ట్రైలర్ ముందుకొస కింద పెట్టిన కర్రమొద్దు మీదుగా చెదల మట్టిగీత చట్రం దాకా ఎక్కేసింది.

నేను చేసిన మొదటి మరమ్మతు, అది ఎందుకు చెడింది

అప్పట్లో నా ఆలోచన తిన్నగా ఒక్క దారినే నడిచింది. చెక్క కుళ్లింది కాబట్టి కుళ్లనిది వేద్దాం. డబ్ల్యూపీసీ పలకలు తెప్పించాను, బాల్కనీల్లో, స్విమ్మింగ్ పూల్ పక్కన పరుస్తారే, చెక్కపొడి ప్లాస్టిక్ కలిపి చేసినవి. గుల్లవి వద్దని గట్టివే తీసుకుని, రెండు పొరలు కలిపి రెండంగుళాల మందం చేశాను. పొడవు పెంచి వెనక గోడ కిందిదాకా తెచ్చాను. అది ఒక్కటే ఆ మరమ్మతులో నేను సరిగ్గా చేసిన పని. కార్పెట్ తీసేశాను. నవంబర్‌లో బిగించాం. చూడ్డానికి ఫర్నిచర్ షోరూంలో సరుకులా ఉంది.

ఏప్రిల్ చివర్లో ఫోన్. "అన్నా, పట్టె నవ్వుతోంది." వెళ్లి చూస్తే నిజంగానే నవ్వుతోంది. రెండు బ్రాకెట్ల మధ్య పట్టె కిందికి జారి, పడవ అడుగుకీ దానికీ మధ్య వేలు దూరేంత సందు. మధ్యాహ్నం రెండింటికి టెంపరేచర్ గన్‌తో కొలిస్తే పలక ఉపరితలం 64 డిగ్రీలు. బరువంతా బ్రాకెట్ల మీది నాలుగు చోట్లకే చేరింది. ఆ నాలుగింట్లో రెండు చోట్ల పడవ పైపూత సాలెగూడులా సన్నగా చిట్లింది.

డబ్ల్యూపీసీ కుళ్లదు, అందులో అబద్ధం లేదు. కానీ వంగకుండా ఆపే శక్తిలో టేకుతో పోలిస్తే అది మూడో వంతో నాలుగో వంతో. అది కూడా చల్లగా ఉన్నప్పుడు. వేడెక్కి, నెలల తరబడి బరువు మోస్తే మెల్లగా సాగుతూ పోతుంది, బరువు తీసినా వెనక్కి రాదు. నేల మీద పరిచినప్పుడు కింద అడుగుకో ఆధారం ఉంటుంది కాబట్టి ఈ సంగతి ఎవరికీ తెలియదు. నేను దాన్ని మీటరున్నర ఎడంలో వంతెనలా వాడాను.

చూసుకోవాల్సిన లెక్క ఇంకోటి ఉంది, ఇదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. పొడవునా సమంగా బరువున్న పట్టె ఎంత కుంగుతుందనేది ఆధారాల మధ్య దూరానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. అంటే దూరం సగమైతే కుంగడం పదహారో వంతుకి పడిపోతుంది. మధ్యలో మూడో బ్రాకెట్ ఒక్కటి పెట్టి ఉంటే, అవే పలకలు బహుశా పనిచేసేవి. సరుకు కోసం వారం తిరిగాను, బ్రాకెట్లు ఎన్నున్నాయో పది నిమిషాలు ఆలోచించలేదు.

రెండోసారి: సరుకు ఎంపిక

ఈసారి సరుకు జోలికి వెళ్లకముందు మూడో బ్రాకెట్ కోసం మధ్యలో ఒక అడ్డపట్టీ వేశాం. వెల్డింగ్ చేస్తే ఆ చోట జింకు పూత కాలిపోతుంది, తర్వాత ఎంత పెయింట్ కొట్టినా తుప్పు అక్కణ్నుంచే మొదలవుతుంది. అందుకని జింకు పూసిన చానెల్‌ని యు-బోల్టులతో బిగించాం. పట్టె పడుకోబెట్టాలా నిలబెట్టాలా అన్నది తర్వాతి ప్రశ్న. నాలుగు బై రెండు చెక్కని అంచు మీద నిలబెడితే పడుకోబెట్టినదానికంటే నాలుగు రెట్లు గట్టిగా ఉంటుంది. కానీ అప్పుడు పడవకి ఆనేది రెండంగుళాల వెడల్పే. పల్చటి ఎఫ్‌ఆర్‌పీ అడుగుకి వెడల్పు ఆనిక కావాలి. మూడో బ్రాకెట్ ఉంది కాబట్టి నిలబెట్టి సంపాదించే గట్టిదనం మాకు అక్కర్లేదు. పడుకోబెట్టాం.

ఇక ఏ చెక్క? కోచ్ ఫోన్‌లో అమెరికా వీడియోలు చాలా చూశాడు. అన్నింట్లోనూ ప్రెజర్ ట్రీటెడ్ పైన్, అంటే కుళ్లకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన పైన్ చెక్క, టూ బై ఫోర్ అనే చెప్తారు. అక్కడ వీధి చివరి కొట్లో దొరుకుతుంది, చవక, అందుకే చెప్తారు. అక్కడి టూ బై ఫోర్ కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే వస్తుంది, అదో తమాషా. ఇక్కడ పైన్ అంటే ప్యాకింగ్ పెట్టెల చెక్క. దానికి మందు పట్టించి ఇచ్చేవాళ్లని వెతికి పట్టుకోవాలి.

మందు పట్టించడం అనే విద్య విదేశాలది అనుకోనక్కర్లేదు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన సీసీఏ మందుని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం కనిపెట్టారు. ఇంటిపేరు చూస్తే మనవాడే. ప్రపంచమంతా దశాబ్దాల పాటు కరెంటు స్తంభాలకీ రేవుల దుంగలకీ దాన్నే వాడింది. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల వాడకం నుంచి తప్పించారు. దాని బదులు వచ్చిన మందుల్లో రాగి పాలు ఎక్కువ. తడిసినప్పుడు ఆ రాగి జింకు పూతనీ అల్యూమినియాన్నీ తొందరగా తినేస్తుంది. మా చట్రానిది జింకు పూత. చెక్కని కాపాడబోయి బ్రాకెట్లని పోగొట్టుకోవడం దండగ.

బీడబ్ల్యూపీ, అంటే మరిగే నీళ్లకీ జిగురు ఆగే మెరైన్ ప్లైవుడ్ గురించి కొంతసేపు ఆలోచించాను. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కి మన దేశ ప్రమాణం) ముద్ర ఉన్న నిజమైన సరుకైతే జిగురు విడిపోదు. కానీ అంచులు నలువైపులా తెరుచుకునే ఉంటాయి, బోల్టు రంధ్రం వేసిన ప్రతిచోటా కొత్త అంచు పుడుతుంది. డిపోల్లో తలుపు చౌకట్లకిచ్చే మలేషియా సాల్ గట్టిది, దొరుకుతుంది. అయితే పచ్చిగా ఇస్తారు, మన ఎండకి మెలితిరుగుతుంది. మెలితిరిగిన పట్టె మీద పడవ ఒక అంచు మీదే కూర్చుంటుంది.

చివరికి బోయిగూడలో ఒక డిపోలో, పాత ఇల్లు కూల్చినప్పుడు వచ్చిన టేకు దూలం దగ్గర ఆగాం. ఏళ్ల తరబడి కప్పు మోసిన చెక్క, ఇక కొత్తగా ఎండటానికేమీ లేదు. అడ్డంగా కోసి చూస్తే మధ్యలో ముదురు గోధుమరంగు చేవ, ఓ పక్క మాత్రం వేలెడు తెల్ల చెక్క. చెదలు, పుప్పి ముందు పట్టేది ఆ తెల్లదాన్నే. టేకు నీళ్లకి ఆగుతుంది అంటాం గానీ ఆగేది చేవ మాత్రమే. తెల్లది చెక్కించేసి మిగిలిందే కోయించాం. కోసే ముందు అయస్కాంతం పొడుగునా తిప్పితే మూడు చోట్ల పాత మేకులు దొరికాయి. చూడకుండా కోస్తే రంపం పళ్లు పోయేవి.

ధర సంగతి. టేకు అనగానే కోచ్ ముఖం మాడింది. 4 అంగుళాలు, 2 అంగుళాలు, 9 అడుగులు, రెండు పట్టెలు. కలిపితే సరిగ్గా ఒక్క సీఎఫ్‌టీ, అంటే ఒక ఘనపుటడుగు. "ఒక్క సీఎఫ్‌టీకి ఇంతమంది వచ్చిన్రా?" అని డిపో సేఠ్ నవ్వాడు. పడవని చైన్ కప్పీతో లేపి దించే కూలీ, అడ్డపట్టీ, బోల్టులు అన్నీ కలిపితే చెక్క ఖర్చు అందులో చిన్న ముక్క. ఇలాంటి పనుల్లో చెక్క దగ్గర మిగుల్చుకున్నది రెండో కూలీకే పోతుంది.

బోల్టులు రాణిగంజ్‌లో తీసుకున్నాం. స్టెయిన్‌లెస్ అంటే అందరూ అయస్కాంతం పెట్టి చూస్తారు. 202 రకానికి కూడా అయస్కాంతం అంటదు, అయినా తుప్పు పడుతుంది. బోల్టు తల మీద ఏ2-70 అని అచ్చు ఉంటే అది తుప్పుకి బాగా ఆగే 304 తరగతి. ఆ అచ్చు ఉన్నవే ఏరుకున్నాం. చెక్కలో గుంట తీసి తలలు 12 మి.మీ. లోపలికి దించాం, పడవకి తగలకుండా. రంధ్రాల లోపలి గోడలకీ పట్టెల కొసలకీ ఎపాక్సీ రెండుసార్లు పట్టించాం. గడ్డి పీచుల్లా నీటిని పీల్చేది ఆ కొసలే. మిగతా చెక్కకి ఏమీ పూయలేదు, తడిసినా ఆరనివ్వాలని.

పైపొర దగ్గర ఇంకో పాఠం

కార్పెట్ వద్దనుకున్నాక పడవ అడుగుకీ చెక్కకీ మధ్య ఏదో ఉండాలి. 10 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి, నున్నటి ప్లాస్టిక్) షీటులోంచి నాలుగంగుళాల పట్టీలు కోయించాను. తెల్లది కూరగాయల పలకలా అందంగా ఉంటుంది, కానీ ఎండకి పెళుసెక్కుతుంది. నల్లదే తీసుకున్నాం. జనవరిలో చలి ఉదయం బిగించాం, తొమ్మిదడుగులకీ ఒకే పట్టీ, గుండ్రటి రంధ్రాలు, బిగుతుగా స్క్రూలు.

మార్చి ఎండకే స్క్రూల మధ్య అప్పడంలా లేచింది. ఈ ప్లాస్టిక్ మీటరు పొడవుకి ప్రతి 10 డిగ్రీలకీ ఒకటిన్నర మి.మీ. అయినా సాగుతుంది. చలి ఉదయం 15 డిగ్రీలు, ఎండలో 65. తొమ్మిదడుగులకి లెక్కేస్తే 20 మి.మీ. పైనే. సాగడానికి చోటు లేక పైకి లేచింది. డబ్ల్యూపీసీ చేసిన మోసం మర్చిపోక ముందే మళ్లీ ప్లాస్టిక్ నాకు అదే వేసవి పాఠం చెప్పింది.

విప్పి, ఒక్కో పట్టీని మూడు ముక్కలు చేశాం. ముక్కల మధ్య 8 మి.మీ. సందు. ప్రతి ముక్కకీ నడిమి స్క్రూ ఒక్కటే బిగుతుగా, మిగతావాటికి 6 మి.మీ. స్క్రూకి 14 మి.మీ. పొడవున్న కోల రంధ్రాలు. స్క్రూ తలలు 3 మి.మీ. లోపలికి. కింద నీళ్లు నిలవకుండా చెక్క మీద జానెడుకొకటి చొప్పున అడ్డంగా రంపంతో సన్నటి గాట్లు పెట్టాం.

పడవని దించిన మొదటి రోజు ర్యాంప్ దగ్గర నేనూ ఉన్నాను. కార్పెట్ మీదనైతే నలుగురు తోసినా కదలని పడవ. అలవాటు చొప్పున ఒక కుర్రాడు ట్రైలర్ ఇంకా వాలులో ఉండగానే పడవని ముందు నుంచి పట్టి ఉంచే వించ్ (చుట్టే యంత్రం) పట్టీ కొక్కెం తీసేశాడు. పడవ సబ్బు మీద నుంచి జారినట్టు వెనక్కి జారింది. కోచ్ ముక్కు దగ్గర తాడు పట్టుకుని ఉన్నాడు కాబట్టి నీళ్లలోకే వెళ్లింది, కాంక్రీటు మీద పడలేదు. ఆ సాయంత్రమే ట్రైలర్ ముందుకొస మీద ఎర్రపెయింట్‌తో రాయించాను: "తేలేదాకా కొక్కెం తీయొద్దు." హెచ్‌డీపీఈ వేసే ప్రతి పనికీ ఇప్పుడు ఈ మాట ముందే చెప్తున్నాను. సరుకు మారితే వాడే చేతి అలవాటు కూడా మారాలి, అది మన బిల్లులో ఉండదు.

యార్డు

ముప్ఫై రోజుల చెరువు నీళ్ల కోసమే నేను ఇంతకాలం సరుకు వెతికాను, పదకొండు నెలల వానా ఎండా పట్టించుకోలేదు. టార్పాలిన్ అంచు సరిగ్గా కుడి పట్టె మీదే కారుతోంది. మొదట విరిగింది కుడిదే. టార్పాలిన్ బయటికి లాగి కట్టించాం. ముందుకొసని ఎత్తులో పెట్టించి, పడవ అడుగు బిరడా తీసి ఉంచమన్నాం, లోపల వాననీరు నిలిస్తే ప్రతి వంద లీటర్లూ వంద కిలోలు. కర్రమొద్దు తీసేసి సిమెంటు దిమ్మ పెట్టాం. ఈ పనులన్నింటికీ అయిన ఖర్చు దిమ్మ ధరే. మొదటి పట్టెలు విరగకముందే ఇది చేసి ఉంటే ఆ ప్లైవుడ్ కూడా ఇంకో ఏడాది లాగేదని నా అనుమానం.

ఇప్పటి స్థితి

మూడో పట్టెలు ఒక వేసవి, ఒక వానాకాలం దాటాయి. బ్రాకెట్ నుంచి బ్రాకెట్‌కి దారం లాగి చూస్తే కుంగడం మిల్లీమీటరు లోపే. దబ్బనం ఎక్కడా దిగలేదు. ఎడమ పట్టె వెనక కొసలో వెంట్రుకంత పగులు కనిపించింది, ఎపాక్సీ నింపాం. రెండు స్క్రూలు వదులైతే బిగించాం. పైపూత చిట్లిన రెండు చోట్లా గీకి జెల్‌కోట్ పూశాం.

పడవ అడుగు వంపు మాత్రం పూర్తిగా పోలేదు. 4 మి.మీ. నుంచి 3కి వచ్చి ఆగింది. ముక్కు నొక్కడం తగ్గింది, ఉంది. దాన్ని సరిచేయాలంటే వెనక రెండడుగుల అడుగుని గీకి, పుట్టీ పట్టించి తిన్నగా చేయాలి. పది రోజుల పని. మే సెలవుల్లో పిల్లల క్లాసులుంటాయి కాబట్టి జూన్ మొదటి వారంలో, వానలు మొదలయ్యేలోపు, పడవని మళ్లీ కప్పీకి ఎక్కిస్తున్నాం. పట్టెల అడుగుభాగం అప్పుడు ఇంకోసారి చూస్తాను.